పెరటి క్షేత్రం

భగవద్గీత పదమూడో అధ్యాయంలో శ్రీకృష్ణుడు ఈ శరీరాన్ని క్షేత్రమన్నాడు, దాన్ని ఎరిగినవాణ్ణి క్షేత్రజ్ఞుడన్నాడు. ప్రవచనాల్లో ఈ మాట రాగానే చెప్పేవారు పొలాన్ని వదిలేసి శరీరంలోకి వెళ్లిపోతారు. అక్కణ్ణుంచి మనసు, బుద్ధి, అహంకారం. పొలం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తరు. ఆ మాట మొదట విన్నవాళ్లు మాత్రం పొలం ఎరిగినవాళ్లే. తేమ, ఎరువు, కలుపు, పురుగు, అదను తెలిసిన చెవులు వాళ్లవి. చేతికి మట్టి అంటనివాడికి ఆ అధ్యాయం సగమే వినబడుతుందని నా నమ్మకం. పొలం లేనివాళ్లకు పెరడుంది. పెరడు లేనివాళ్లకు ఇప్పుడు మిద్దెతోటలున్నాయి, బాల్కనీలో కుండీలున్నాయి. క్షేత్రమనిపించుకోవడానికి విస్తీర్ణంతో పనిలేదు.

మా పెరడు కృష్ణా డెల్టాలో, తెనాలికి దగ్గరి ఊళ్లో. నూతి పక్కన అరటి, గోడవారన మునగ, నడుమ తులసికోట, దాని వెనక పందిరి. విత్తనాల పెత్తనం నాయనమ్మది. నీళ్లు అమ్మవి. ఏటేటా పుచ్చిపోయిన గుంజలు తీసి కొత్తవి పాతడం నాన్న పని. పిల్లలకు పిందెల మీద చెయ్యి వెయ్యకుండా ఉండడమే పని, అదే అన్నిటికన్నా కష్టమైనది.

ఆ ఇంట్లో గోడకు వేలాడే పంచాంగం ఒకటే అయినా లెక్కలు రెండు నడిచేవి. పూజలన్నీ తిథుల ప్రకారం, అంటే చంద్రుడి లెక్క. విత్తనాలన్నీ కార్తెల ప్రకారం, అది సూర్యుడి లెక్క. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులు ఒక కార్తె. ఇరవై ఏడు కార్తెలకు ఏడాది తిరిగొస్తుంది. అందుకే కార్తెలు ఇంగ్లీషు తేదీలను పట్టుకునే ఉంటాయి. రోహిణి మే 25 ప్రాంతంలో వస్తే, మృగశిర జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. సంక్రాంతి తప్ప మిగతా పండగలకు ఆ నిలకడ లేదు. 2023లో అధిక శ్రావణం వచ్చి వినాయక చవితి సెప్టెంబరు 18 దాకా జరిగింది. మరుసటేడు అదే చవితి సెప్టెంబరు 7కే వచ్చేసింది. కాకరపాదుకు ఈ తేడా పట్టనే లేదు.

ప్రశ్నోపనిషత్తులో పిప్పలాదుడు సూర్యుణ్ణి ప్రాణంగా చెప్పాడు. చంద్రుడు మనసులోంచి పుట్టాడని పురుషసూక్తం విన్నవాళ్లందరికీ తెలుసు. మొక్క ప్రాణం లెక్కన బతుకుతుంది, మనిషి మనసు లెక్కన పండగ చేసుకుంటాడు. మనసు వెనకబడినప్పుడల్లా ఒక నెల అదనంగా ఇచ్చి ప్రాణంతో కలుపుకొచ్చే ఏర్పాటే అధికమాసం. దాన్ని శూన్యమాసమని శుభకార్యాలకు పక్కన పెట్టి, జపానికీ దానానికీ మాత్రం ఉంచారు పెద్దలు. వెనకబడ్డ మనసుకు అంతకన్నా మంచి చికిత్స నాకు తోచదు.

మృగశిర చినుకు పడగానే నాయనమ్మ విత్తనాల కుండ దింపేది. బీరగింజలు ఎండిన బీరకాయలోనే ఉండేవి, ఊపితే గలగలమనేవి. వంగగింజలు బూడిదలో, ఆనపగింజలు గుడ్డమూటలో. పాదుకు మొదట కాసిన నిగనిగలాడే కాయను ఎవరూ కోయకూడదని ఆమె కట్టడి. దానికో గుడ్డపీలిక కట్టేది. అది విత్తుకాయ. కూరకు ఎంత కరువైనా ఆ పీలిక మీద చెయ్యి పడేది కాదు.

గింజ గురించి ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఒక తండ్రీ కొడుకుల ముచ్చట ఉంది. శ్వేతకేతువు పన్నెండేళ్లప్పుడు గురుకులానికి వెళ్లి, ఇరవై నాలుగేళ్లకు వేదాలన్నీ చదివి, దాంతోపాటు కొంత గర్వం కూడా తెచ్చుకుని ఇంటికొచ్చాడు. ఉద్దాలకుడు అతనితో ఒక మర్రిపండు తెప్పించి పగలగొట్టమన్నాడు. లోపల సన్నటి గింజలు. ఒక గింజనూ పగలగొట్టమన్నాడు. ఏమీ కనబడలేదన్నాడు కొడుకు. నీకు కనబడని ఆ అణిమలోంచే ఇంత మర్రి నిలబడిందని చెప్పి, నమ్మమన్నాడు తండ్రి. ఇందులో నన్ను ఆపేది చివరి మాట. పగలగొట్టడంతో పరీక్ష ముగిసింది, అక్కణ్ణుంచి శ్రద్ధ కావాల్సి వచ్చింది. పగిలిన గింజ ఇక మొలవదు. విచారణ కోసం ఒక గింజను పగలగొట్టవచ్చు, అది తప్పనిసరి కూడా. మిగిలినవాటిని మాత్రం మట్టిలో కప్పి, కనబడకుండా చేసి, ఊరుకోవాలి. చిన్నపిల్లలు పొద్దున పెట్టిన గింజను సాయంత్రం తవ్వి చూస్తారు. పెద్దవాళ్లం సాధన విషయంలో అదే చేస్తుంటాం. నలభై రోజులు జపం చేసి, ఎంతవరకు వచ్చిందోనని మనసును తవ్వి చూసుకుంటాం.

ఆరుద్ర, పునర్వసు దాటేసరికి తీగలు పందిరి వైపు చేతులు చాస్తాయి. మహాభారతం శాంతిపర్వంలో, మోక్షధర్మం చెప్పే భాగంలో, భరద్వాజుడు భృగువును ఒక చక్కటి ప్రశ్న అడిగాడు. చెట్లు వినవు, చూడవు, వాసన, రుచి ఎరగవు, మరి వాటిలో పంచభూతాలున్నాయని ఎలా ఒప్పుకోవాలి? భృగువు ఒక్కొక్కటే జవాబిచ్చాడు. వేడికి ఆకు వాడుతుంది, కాబట్టి స్పర్శ ఉంది. పిడుగుల హోరుకు పువ్వు రాలుతుంది, కాబట్టి వినికిడి ఉంది. ధూపాలతో రోగం పోయి మళ్లీ పూస్తుంది, కాబట్టి వాసన తెలుసు. వేళ్లతో నీరు తాగుతుంది, కాబట్టి రుచి తెలుసు. ఇక తీగ చెట్టును అల్లుకుంటూ అన్ని వైపులకూ పోతుంది, చూపు లేనివాడికి దారి ఉండదు, కాబట్టి దానికి చూపుంది. పిడుగు చప్పుడుకు పువ్వు రాలడం వినికిడికి రుజువని నేటి వృక్షశాస్త్రం ఒప్పుకోకపోవచ్చు. ఆ రుజువుల బలాబలాల జోలికి నేను పోను. మోక్షం గురించి మాట్లాడుతూ ఒక ఋషి పెరటి తీగను సాక్ష్యానికి పిలిచాడు, నాకు అది చాలు.

తీగ చూపు సంగతి మాత్రం తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. 1865లో అచ్చయిన తన తీగమొక్కల గ్రంథంలో చార్లెస్ డార్విన్, నులితీగలు గాలిలో మెల్లగా చుట్టూ తిరుగుతూ ఆధారం వెతుక్కుంటాయని ఓపిగ్గా గమనించి రాశాడు. తగిలిన పుల్లను చుట్టుకున్నది గట్టిపడి, తీగ బరువు మోస్తుంది. ఏదీ దొరకనిది చాలాసార్లు తనలో తానే చుట్టుకుపోయి, వడలి ఎండిపోతుంది. పందిరి కింద నిలబడి చూస్తే రెండు రకాలూ ఒకే కాకరతీగ మీద కనిపిస్తాయి.

బంధాలు వద్దు, ఇల్లొక ఊబి అని మొదలుపెట్టే వేదాంతం నాకు అందుకే రుచించదు. పట్టుకోనిది ఎక్కలేదు. అమ్మ, నాన్న, తోబుట్టువులు, చదువు చెప్పినవాళ్లు, ఇలవేల్పు, ఇవి నులితీగకు దొరికిన పుల్లలు. ఏ ఆధారమూ లేకుండా తనలో తానే చుట్టుకుపోయిన మనసుకు వైరాగ్యం వచ్చిందనుకోవడం పొరపాటు. అది వడలిపోయిందంతే. వైరాగ్యానికి ముందు గట్టిగా పట్టుకోవడం ఒకటుంది. ఆ మెట్టు దాటెయ్యడానికి అడ్డదారి లేదు.

శ్రావణంలో పెరడు పచ్చగా ఉంటుంది, పురుగూ అప్పుడే ఉంటుంది. తొలి ఏకాదశి నాడు చాతుర్మాస్యం పట్టినవాళ్లు మొదటి నెల ఆకుకూరలు మానేస్తారు. మా ఇంట్లో నాయనమ్మ ఒక్కతే పాటించేది. మడినిండా తోటకూర, గోంగూర ఉన్న రోజుల్లోనే మానడం దాని విశేషం. లేనిదాన్ని మానడం ఎవరికైనా చేతనవుతుంది. ఆ నెల ఆకుల వెనక గుడ్లు, సన్నపురుగులు ఎక్కువన్నది లౌకిక కారణం. రెండింటికీ పేచీ లేదు.

ఇక్కడే ఒక ఇబ్బందికరమైన నిజం చెప్పుకోవాలి. తోటపని అహింస కాదు. చిక్కుడు తీగకు పేనుబంక పడితే బూడిద చల్లుతాం, వేపకషాయం కొడతాం, ఆకుకు అంటుకున్న గొంగళిపురుగును పుల్లతో తీసి పారేస్తాం. సేంద్రియం అన్నంత మాత్రాన చచ్చే పురుగుకు తేడా ఏమీ తెలియదు. మనుస్మృతి మూడో అధ్యాయం గృహస్థుడి ఇంట్లో ఐదు హింసాస్థానాలను పేరుపెట్టి చెప్పింది: పొయ్యి, నూరే రాయి, చీపురు, రోలు, నీళ్లకుండ. చేసేవాడికి తెలియకుండానే అక్కడ ప్రాణాలు పోతాయి. వాటిని మానెయ్యమనలేదు, రోజూ పంచమహాయజ్ఞాలు చేయమంది, అందులో ఒకటి భూతాలకు బలి. అంటే బతకడంలోనే అప్పు ఉంది, దాన్ని ఏరోజుకారోజు తీర్చుకుంటూ పోవాలి. అమ్మ పందిరి చివర రెండు కాకరకాయలు పండి పగిలేదాకా వదిలేసేది. ఎర్రటి గింజలు పిట్టలు తినేవి. ఎందుకమ్మా అంటే, వాటి వాటా అనేది.

చవితి వచ్చేసరికి ఏడాదంతా పీకి పారేసిన కలుపు పూజామందిరం చేరుతుంది. వినాయకుడి ఇరవై ఒక్క పత్రుల్లో మామిడి, దానిమ్మ, జాజి లాంటి గౌరవనీయులున్నారు. వాటి సరసనే ఉత్తరేణి ఉంది, ఉమ్మెత్త, వాకుడు, జిల్లేడు ఉన్నాయి. గరిక సంగతి చెప్పక్కర్లేదు, ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. అనలాసురుణ్ణి మింగినప్పుడు పుట్టిన తాపం గరికతో చల్లారిందని కథ. కృష్ణ దాటి తెలంగాణకు వెళితే బతుకమ్మలో గునుగు కనిపిస్తుంది. చేలో మొలిస్తే అది కలుపే. తంగేడుతో కలిసి వరసలు పేరిస్తే గౌరమ్మకు పీఠం. మొక్క మారలేదు. దాన్ని చూసే చోటు మారింది. మనలోని కోపం, పట్టుదల, గొప్ప చేసుకోవాలన్న ఆరాటం కూడా పీకి పారేసేవే అయినా, తెచ్చి పెట్టగలిగే చోటు ఒకటి ఉందని చవితి పొద్దున పత్రి ఏరుకునే పిల్లవాడికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

అయితే తుంగ పత్రిలో లేదు. తుంగ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే పెరట్లో నాకు దొరికిన యోగశాస్త్ర వ్యాఖ్యానం అదే. పైన పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉంటుంది. ఒక గడ్డ నుంచి సన్నటి వేరు పాకి ఇంకో గడ్డ, దాన్నుంచి మరొకటి. ఏప్రిల్, మే ఎండల్లో నేల బీటలువారి, తుంగ అన్నదే లేనట్టుంటుంది. మృగశిర వానకు నాలుగు రోజుల్లో మడినిండా లేస్తుంది. పతంజలి యోగసూత్రాల సాధనపాదంలో అవిద్యను క్షేత్రమన్నాడు. గీతలో క్షేత్రం శరీరం, ఇక్కడ క్షేత్రం అవిద్య. అహం, రాగం, ద్వేషం, బతుకు మీది పట్టు, ఈ నాలుగు క్లేశాలూ ఆ నేలలోనే పెరుగుతాయి. అవి నాలుగు దశల్లో ఉంటాయన్నాడు: నిద్రపోతూ, సన్నబడి, తెగి తెగి, విచ్చలవిడిగా. వేసవి తుంగ మొదటి దశ, ఆరుద్ర తుంగ చివరి దశ. ఎండాకాలపు నేల చూసి కలుపు పోయిందని ఎవరూ అనరు. తీర్థయాత్ర నుంచి తిరిగొచ్చినప్పటి ప్రశాంతత చూసి కోపం పోయిందని మాత్రం అనేస్తుంటాం. ఆ సూత్రాల మీది వ్యాసభాష్యం వేయించిన గింజ గురించి చెబుతుంది. అది నేలలో పడినా, నీరు తగిలినా మొలవదు. జ్ఞానాగ్నిలో క్లేశాలు అలా కావాలట. అంతదాకా చేయగలిగింది కొడవలితో కోయడం కాదు, గడ్డ అందేదాకా తవ్వడం, మళ్లీ వాన తర్వాత తవ్వడం. ఆ తవ్విన గడ్డలను ఎండబెడితే తుంగముస్తలు, ఆయుర్వేదంలో జ్వరాలకు మంచి మందు. పత్రిలో చోటు దొరకని మొక్కకు కూడా పెద్దలు ఒక పని చూపించారు.

పందిరి చిక్కుడు అన్నిటికన్నా పెద్ద పరీక్ష. ఆషాఢంలో పెట్టిన గింజ శ్రావణానికి పందిరి ఎక్కుతుంది, భాద్రపదానికి కప్పేస్తుంది. ఎటు చూసినా ఆకే. ఒక్క పూత లేదు. బీర కాసి అయిపోతుంది, కాకర కాస్తూనే ఉంటుంది, చిక్కుడు మాత్రం ఆకులేసుకుంటూ కూర్చుంటుంది. ఇంట్లో సణుగుడు మొదలవుతుంది. ఎరువు తక్కువైందని నాన్న, నీళ్లు ఎక్కువయ్యాయని అమ్మ. నాయనమ్మ మాత్రం, “దానికి పొద్దు తెలుసురా, మీకే తెలీదు” అనేది. శాస్త్రం ఆమె పక్షమే. దేశవాళీ పందిరి చిక్కుళ్లు పగటి పొడుగు తగ్గితేగాని పూతకు రావు. రాత్రులు పెరిగే ఆశ్వయుజ కార్తికాల కోసం ఎదురుచూస్తాయి. ఏ ఎరువూ ఆ తేదీని ముందుకు జరపలేదు. వెలుగు పెరిగితే ఎదుగుతుంది, వెలుగు తగ్గితే ఫలిస్తుంది.

సాధకుల జీవితాల్లో ఇలాంటి కాలం ఒకటి వస్తుందని పెద్దలు చెబుతారు. మొదట్లో అన్నీ అనుకూలం, ఉత్సాహం, పచ్చదనం. తర్వాత వెలుగు వెనక్కి తగ్గుతుంది. జపంలో రుచి ఉండదు, గుడిలో కన్నీరు రాదు. అప్పుడు చాలామంది ఏదో తప్పు జరిగిందని గురువును మారుస్తారు, మంత్రాన్ని మారుస్తారు, ఎరువు మార్చినట్టు. పొద్దు తగ్గడమే పూతకు పిలుపని చిక్కుడుకు తెలుసు.

ఆ చిక్కుడునే మాఘశుద్ధ సప్తమి నాడు కోసి సూర్యుడికి రథం కడతాం. కాయలకు పుల్లలు గుచ్చి రథం, ఆకుల మీద పరమాన్నం, సంక్రాంతి గొబ్బెమ్మలు పిడకలై ఆ పరమాన్నం పాలు పొంగిస్తాయి. అప్పటికి సూర్యుడు ఉత్తరాయణంలో ఉన్నాడు, పగలు పెరుగుతోంది. సూర్యుడు తగ్గిన రోజుల్లో పూసి కాసినదాన్ని, ఆయన పెరిగే రోజుల్లో ఆయనకే వాహనం చేయడం. అరసవల్లి సూర్యదేవాలయంలో ఆ రోజు ఇసుక వేస్తే రాలని జనం. నాకు మా తులసికోట ముందు ఆ నాలుగు చిక్కుడాకులే ఇంకా లోతుగా తోస్తాయి. ఎడబాటులో కాచిన ఫలాన్ని ఎడబాటు పెట్టినవాడికే సమర్పించడం భక్తి శాస్త్రంలో చాలా పెద్ద మాట. మా ఇళ్లలో అది చిక్కుడు కాయలతో సరిపోయింది.

ఇక వేసవి, దోసపాదు. ఋగ్వేదం ఏడో మండలం వసిష్ఠులది. అందులో యాభై తొమ్మిదో సూక్తం చివరి ఋక్కును మృత్యుంజయ మంత్రంగా మనందరం జపిస్తాం. ఆస్పత్రి వరండాల్లో కూడా వినబడే మంత్రం. మృత్యువు నుంచి విడుదల కోరుతూ ఋషి ఎంచుకున్న పోలిక వజ్రాయుధం కాదు, గరుత్మంతుడూ కాదు, తొడిమ వీడే దోసపండు. అలాగే విడిపించు, కాని అమృతత్వం నుంచి కాదు అని ప్రార్థన.

దోసపాదు నేల మీద పాకుతుంది. పండు ఎత్తునుంచి పడదు, ఉన్నచోటే ఉంటుంది. పచ్చి పిందెను తెంపితే తొడిమ దగ్గర జిగురు ఊరుతుంది, గాయం కనబడుతుంది, తీగ కూడా చిరుగుతుంది. నక్కదోస, పండుదోస, ఖర్బూజా లాంటివి పండితే తొడిమ చుట్టూ సన్నటి చీలిక వస్తుంది, చెయ్యి తగిలితే ఊడి వస్తాయి. అక్కడ గాయం లేదు. అతుకు దగ్గర ఒక పొర కణాలు తమంతట తామే ఒకదాన్నొకటి వదిలేస్తాయి, పండు పక్వమవుతూ పుట్టే ఇథిలీన్ వాయువు ఆ పని చేయిస్తుంది. గుమ్మడికి ఈ భాగ్యం లేదు, దాన్ని కత్తితో కోయాల్సిందే. వసిష్ఠుడు గుమ్మడిని ఎంచుకోలేదు.

ఆ పండు తొడిమతో తగువు పడి విడిపోలేదు. చివరి తీపి దాకా ఆ తొడిమలోంచే తాగింది. అదే తొడిమ, అదే తాగడం, నిండేసరికి విడుదలగా మారాయి. నా చదువంతటిలో వైరాగ్యానికి ఇంతకన్నా నిఖార్సైన నిర్వచనం కనబడలేదు. ఇల్లూ వాకిలీ వదిలి కొండెక్కినవాళ్లలో పచ్చిగా తెంపుకున్నవాళ్లు ఎందరో. వాళ్ల మాటల్లో జిగురు కారుతూనే ఉంటుంది. పండినవాళ్లు ఇంట్లోనే ఉంటారు, ఇంటికి మాత్రం అంటుకుని ఉండరు. నాయనమ్మ ఒక రోహిణి కార్తెలో విత్తనాల కుండ తెచ్చి అమ్మ ముందు పెట్టి, “ఇక నువ్వు చూసుకోవే అమ్మాయ్” అంది. ఎవరూ అడగలేదు, ఎవరూ లాక్కోలేదు. ఆ తర్వాత ఏ పాదులో ఏ గింజ పెట్టారని ఆమె విచారించడం నేను చూడలేదు. కూర బాగుంటే తినేది. అమ్మ మొదటి ఏడాది ఒకటికి రెండుసార్లు, “అత్తయ్యా, ఇది ఇలాగేనా?” అని అడిగితే నవ్వి ఊరుకునేది. తాను పట్టుకున్నంతకాలం ఆ పీలిక కట్టిన కాయ మీద ఈగను వాలనివ్వని మనిషి ఆమె.

వచ్చే మృగశిరకు పెరడున్నా, కుండీయే ఉన్నా, దేశవాళీ పందిరి చిక్కుడు గింజలు రెండు తెచ్చి పెట్టండి. ఎక్కడానికి తాడో కర్రో ఇవ్వండి, భాద్రపదంలో పూత రాలేదని ఎరువు మార్చకండి. పూసి కాశాక ముందు కాసిన నాలుగు కాయలు తీగ మీదే ఎండనివ్వండి. ఆ గింజలు మీరు ఉంచుకునేవి కొన్ని, పక్కింటివాళ్లకు ఇచ్చేవి కొన్ని.